స్టీలు రిమ్ములకు ఇంట్లోనే స్ప్రే పెయింటు: నున్నగా రావాలి, వానాకాలాన్ని తట్టుకోవాలి

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం):

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఎంతో అపురూపంగా చూసుకున్న మారుతి 800 కారును ఇప్పుడు నేను వాడుతున్నాను. ఇంజను, బాడీ బాగానే ఉన్నాయి కానీ రిమ్ముల పరిస్థితి బాగా లేదు. అవి 12 అంగుళాల మామూలు స్టీలు రిమ్ములు, స్టెప్నీతో కలిపి ఐదు. కొంతకాలం కిందట ఒక షాపులో వాటికి సిల్వర్ రంగు వేయించాము. వేసిన రోజున చూడముచ్చటగా ఉన్నాయి. ఒక వానాకాలం గడిచేసరికి గాలి రంధ్రాల అంచుల వెంబడి, నట్ల చుట్టూ రంగు పెచ్చులుగా లేచిపోయింది.

ఈసారి స్ప్రే డబ్బాలు కొని ఇంట్లోనే తీరికగా చేసుకోవాలని అనుకుంటున్నాను. నాలుగు సందేహాలు ఉన్నాయి. టైర్లు విప్పించడం తప్పనిసరా? తుప్పును ఎంతవరకు తీయాలి? ప్రైమరు ఏది వాడాలి? పైన రంగు లేని మెరుపు పొర, అదే క్లియర్ కోటు, అవసరమా? మాది గోదావరి ఒడ్డు కాబట్టి భాద్రపద మాసంలో గాలి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. వాతావరణం పొడిబారేదాకా ఆగడం మంచిదా అన్నది కూడా చెప్పగలరు.

ఆటోనగర్ పెయింటరు (విజయవాడ):

గోదావరి గట్టు గారూ, మీరు ముందుగా ఊడిన పెచ్చు ఒకటి తీసి వెనక్కి తిప్పి చూడండి. దాని వెనుక ఎర్రటి పొడి అంటుకుని ఉంటే తుప్పు తీయకుండానే రంగు వేశారని అర్థం. వెనుక వైపు పాత రంగు మెరుపుతో నున్నగా ఉంటే, ఆ పాత రంగును గరుకు చేయకుండా దాని మీదే కొత్త రంగు కొట్టారని అర్థం. ఒకే రిమ్ము మీద రెండు రకాల పెచ్చులూ దొరకవచ్చు. ఎక్కడ ఏది జరిగిందో తెలిస్తే ఎక్కడ ఎంత శ్రమ పెట్టాలో తెలుస్తుంది.

టైర్లు విప్పించండి. ముఖం మాత్రమే అందంగా కనిపిస్తే చాలనుకునేవారు టైరు ఉంచి కూడా వేసుకోవచ్చు కానీ, మీ రిమ్ములకు వయసు ఎక్కువ. టైరు అంచు రిమ్ముకు ఆనుకునే చోట తుప్పు పొక్కులు కట్టి ఉండే అవకాశం చాలా ఎక్కువ, కారణం తెలియకుండా గాలి నెమ్మదిగా తగ్గిపోవడానికి చాలాసార్లు మూలం అదే. ఆ భాగాన్ని తీగ బ్రష్షుతో శుభ్రం చేసి పల్చగా ప్రైమరు, ఒక్క పల్చటి చేయి (పూత) రంగు వేస్తే చాలు. అక్కడ మందంగా వేయకూడదు, ఎందుకంటే టైరు ఎక్కించేటప్పుడు మిషను ఒత్తిడికి మందపు పొర చిట్లిపోతుంది.

పని వరుస గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలామంది ముందు ఎమెరీ పేపరుతో రుద్ది, తరువాత కడుగుతారు. అది తలకిందుల పని. రిమ్ము మీద బ్రేకు ధూళి, గ్రీజు, టైరు పాలిష్ జిడ్డు ఉంటాయి. వాటి మీద ఎమెరీ పేపరు పెట్టి రుద్దితే జిడ్డు పోవడానికి బదులు గీతల్లోకి దిగబడుతుంది. కాబట్టి మొదట గిన్నెలు తోమే సబ్బుతో, గట్టి బ్రష్షుతో వెనుకా ముందూ కడగండి. ఆరిన తరువాత జిడ్డు తీసే ద్రావకంతో తుడవండి, అది దొరకకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడవచ్చు. ఒక గుడ్డ తడిగా, ఇంకొక గుడ్డ పొడిగా పట్టుకోవాలి. తడి గుడ్డ జిడ్డును కరిగిస్తుంది, అది ఆరకముందే పొడి గుడ్డ దాన్ని ఎత్తేస్తుంది. ఒకే గుడ్డతో తుడిస్తే కరిగిన జిడ్డు అక్కడే పరుచుకుని మళ్లీ ఆరిపోతుంది. కిరోసిను, డబ్ల్యూడీ-40 వంటివి దగ్గరకు రానివ్వకండి, అవి తమ వెనుక నూనె పొరను మిగులుస్తాయి.

ఆ తరువాతే తుప్పు పని. 80 నంబరు పేపరుతోనో, డ్రిల్లుకు బిగించే తీగ బ్రష్షుతోనో పెచ్చులు, తుప్పు తీసేయండి. బ్రష్షు వాడేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకంటే దాని తీగలు విరిగి ఎగురుతాయి. పైగా ఆ బ్రష్షు ఒక రకంగా మోసం చేస్తుంది. గుంటల్లోని తుప్పును తీయకుండా దానికి మెరుగు పెడుతుంది, అప్పుడు అది గోధుమ రంగులో మెరుస్తూ శుభ్రమైన లోహంలాగే కనిపిస్తుంది. అందుకని బ్రష్షు తరువాత పేపరు పెట్టి, తెల్లటి లోహం కనిపించేదాకా చేత్తో రుద్దాలి. రంగు ఇంకా గట్టిగా పట్టుకుని ఉన్న చోట మొత్తం గీకేయనక్కర లేదు. కంపెనీలో ముంచి వేసిన నల్లటి తొలి పొర ఇప్పటికీ బలంగా ఉంటే దాన్ని మించిన ప్రైమరు మనం ఇంట్లో వేయలేము. దాన్ని 320తో గరుకు చేసి వదిలేయండి. లోహానికీ పాత రంగుకీ మధ్య అంచు మాత్రం 180తో మొదలుపెట్టి వేలితో తడిమినా తెలియనంత ఏటవాలుగా తేవాలి. కంటికి కనిపించని అంచు కూడా వేలికి తెలుస్తుంది, సిల్వర్ రంగు పడ్డాక అదే అంచు పది అడుగుల దూరం నుంచి కనిపిస్తుంది.

సాగరతీరం (విశాఖపట్నం):

ఆటోనగర్ పెయింటరు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. గాలి రంధ్రాల అంచుల దగ్గరే రంగు ముందుగా లేవడం యాదృచ్ఛికం కాదు. ఆ రంధ్రాలను ప్రెస్సులో పొడిచి తీస్తారు కాబట్టి వాటి అంచులు పదునుగా ఉంటాయి. తడి రంగుకు పదును అంచు నుంచి వెనక్కి జరిగే గుణం ఉంది. ముఖం మీద మందంగా కనిపించే పొర అంచు మీదికి వచ్చేసరికి అతి పల్చగా మిగులుతుంది, తుప్పు అక్కడి నుంచే పని మొదలుపెడుతుంది. సన్నటి అర్ధచంద్రాకారపు ఆకురాయితో ఆ అంచులను కొద్దిగా గుండ్రం చేయండి, లోహం ఎక్కువ అరగదీయకండి. ఆ పైన ప్రైమరు వేసేటప్పుడు ముందుగా అంచులకు మాత్రమే ఒక చేయి కొట్టి, ఆరాక మొత్తం రిమ్ముకు వేయండి. ఓడల రంగు పనిలో ఇది రోజువారీ అలవాటు. వెల్డింగు గీతలకు, అంచులకు ముందొక పట్టీ వేయకుండా అక్కడ ఎవరూ పెద్ద గన్ను ఎత్తరు.

రెండవది, రిమ్ము వెనుక భాగం. నట్లు ఉండే డిస్కును చుట్టూ ఉండే తొట్టికి వెల్డింగు చేసిన చోట సన్నటి సందు ఉంటుంది. అందులో నీరు, మట్టి నిలుస్తాయి. మా సముద్రపు గాలికి ఆ సందు నుంచి కారిన తుప్పు చారలు చాలా రిమ్ముల మీద చూశాను. వెనుక ఎవరు చూస్తారులే అని వదిలేస్తే ఆ చారలు రంధ్రాల గుండా ముందుకు వస్తాయి. అక్కడ ప్రైమరు పోసినట్టు కాకుండా, దగ్గరగా పల్చగా రెండు మూడు సార్లు కొట్టి లోపలికి దిగేలా చూడండి.

గోదావరి గట్టు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. పెచ్చులు తిప్పి చూశాను. రంధ్రాల దగ్గరి పెచ్చుల వెనుక తుప్పు ఉంది, నట్ల చుట్టూ ఊడినవి మాత్రం వెనుక శుభ్రంగా ఉన్నాయి. టైర్లు విప్పించి కడిగి, స్టెప్నీ రిమ్మును లోహం దాకా రుద్దాను. ముఖం మీద ఆవగింజంత నల్లటి గుంటలు కొన్ని మిగిలాయి, ఎంత రుద్దినా పోవడం లేదు. వాటిలో తుప్పును నల్లగా మార్చే ద్రవం పోయవచ్చా? పైన లప్పం పెట్టి నింపవచ్చా?

పూతల రసాయనం (హైదరాబాద్):

నేను పూతల తయారీ రంగంలో పనిచేస్తున్నాను. తుప్పును మార్చే ద్రవాల్లో ప్రధానంగా ఫాస్ఫారిక్ ఆమ్లం లేదా టానిక్ ఆమ్లం ఉంటుంది. మొదటిది తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా, రెండవది నల్లటి ఇనుప టానేటుగా మారుస్తుంది. గుంటల్లో మిగిలిన తుప్పుకు అవి పనికి వస్తాయి, పొడిగా రాలే తుప్పు మీద పనికి రావు. సన్నటి కుంచెతో గుంటల్లో మాత్రమే పెట్టండి. ఫాస్ఫారిక్ రకం అయితే డబ్బా మీద రాసిన సమయం తరువాత నీటితో కడిగి, హెయిర్ డ్రయ్యరుతోనో ఎండలోనో వెంటనే ఆరబెట్టండి. మిగిలిన ఆమ్లం మీద ఎపాక్సీ ప్రైమరు వేస్తే అది సరిగా గట్టిపడదు, కొన్నాళ్లకు పొక్కులు లేస్తాయి. కడిగిన లోహాన్ని రాత్రంతా వదిలేయకూడదు. మీ ఊరి తేమకు తెల్లారేసరికి పల్చటి తుప్పు మళ్లీ పడుతుంది, అందుకని రుద్దిన రోజే ప్రైమరు పడేలా పని పెట్టుకోండి.

లప్పం గురించి: ముఖం మీది చిన్న గుంటలకు మందపాటి ఫిల్లర్ ప్రైమరు చాలు. రెండు మూడు చేతులు వేసి, ఆరాక దాని మీద నల్ల రంగును దుమ్ములా చాలా పల్చగా చల్లండి. తరువాత 400 వాటర్ పేపరుతో సబ్బు నీళ్లు వాడుతూ రుద్దితే ఎత్తుగా ఉన్న చోట నలుపు పోతుంది, గుంటల్లో చుక్కలుగా మిగులుతుంది. ఆ చుక్కలు పోయేదాకా ప్రైమరు, పేపరు మళ్లీ నడపాలి. గుంట గోరు దిగేంత లోతుగా ఉన్నా, నట్టు రంధ్రం దగ్గర గానీ వెల్డింగు దగ్గర గానీ సన్నటి పగులు కనిపించినా లప్పంతో కప్పకండి. ఆ రిమ్ము రోడ్డు మీదికి వెళ్లకూడదు.

ఇక ప్రైమరు. బయట చవకగా దొరికే రెడ్ ఆక్సైడ్ గేట్లకు, గ్రిల్లులకు బాగానే ఉంటుంది కానీ నెమ్మదిగా ఆరుతుంది, దాని మీద కారు రంగులోని గాఢమైన థిన్నరు పడితే ముడతలు పడే ప్రమాదం ఉంది. జింక్ ఫాస్ఫేటు కలిసిన ఎపాక్సీ ప్రైమరు అన్నిటికంటే మేలైనది. స్ప్రే డబ్బాలోనే కావాలంటే ఖాళీ లోహం మీద, లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమరు, దాని మీద ఫిల్లర్ ప్రైమరు వేసుకోవచ్చు. ఎచ్ ప్రైమరులో ఆమ్లం ఉంటుంది కాబట్టి దాని మీద నేరుగా ఎపాక్సీ గానీ పాలియెస్టరు లప్పం గానీ పెట్టకూడదు.

రంగు పొరల మధ్య గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. లాకర్ రకం రంగులు థిన్నరు ఆవిరవడం వల్ల ఆరతాయి, మళ్లీ థిన్నరు తగిలితే కరుగుతాయి. మన దగ్గర ఇప్పటికీ డ్యూకో అని పిలిచే నైట్రోసెల్యులోజ్ రంగు ఆ కోవలోదే. 1920లలో డ్యూపాంట్ దాన్ని తెచ్చినప్పుడు, అంతవరకు కారు రంగు ఆరడానికి వారాలు పట్టే పని గంటల్లోకి దిగింది. ఎనామిల్ రకం గాలిలోని ఆక్సిజనుతో కలిసి లోలోపల గట్టిపడుతుంది, అందుకు రోజులు పడుతుంది. సగం గట్టిపడిన ఎనామిల్ మీద మళ్లీ రంగు కొడితే కింది పొర ఉబ్బి ముడతలు పడుతుంది. అందుకే డబ్బాల మీద గంటలోపు గానీ, 24 గంటల తరువాత గానీ మళ్లీ వేయమని రాస్తారు. కొన్నిటి మీద 48 గంటలు అని ఉంటుంది. ఆ మధ్య సమయంలో చేయి పెట్టకండి. మీ రిమ్ము మీద మిగిలిన పాత రంగు ఏ రకమో తెలియాలంటే దూదిని థిన్నరులో ముంచి ఒక మూల కాసేపు అదిమి పట్టండి. రంగు కరిగి దూదికి అంటితే లాకర్, ఉబ్బి ముడుచుకుంటే ఎనామిల్, ఏమీ కాకపోతే కాల్చి ఆరబెట్టినది గానీ రెండు భాగాలు కలిపి వేసినది గానీ అనుకోవచ్చు.

పాత బండి (గుంటూరు):

ఇంత శ్రమ పడేకంటే పౌడర్ కోటింగుకు ఇచ్చేయడం నయం కదా అని నా అభిప్రాయం. ఇసుక కొట్టి పూర్తిగా శుభ్రం చేస్తారు, పొడి చల్లి ఓవెనులో కాలుస్తారు, రాయి తగిలినా అంత తేలిగ్గా ఊడదు.

ఆటోనగర్ పెయింటరు:

స్టీలు రిమ్ములకు మంచి పద్ధతే, నేను కాదనను. 180 నుంచి 200 డిగ్రీల మధ్య కాలుస్తారు కాబట్టి పొర గట్టిగా ఉంటుంది. అయితే అక్కడ రెండు విషయాలు దగ్గర ఉండి చూసుకోవాలి. ఇసుక కొట్టిన రిమ్మును అదే రోజు పూత వేస్తున్నారా, నట్లు కూర్చునే గుంటలకు మూత పెట్టి వేస్తున్నారా అని. పౌడర్ పొర స్ప్రే రంగు కంటే మందంగా ఉంటుంది, అది నట్టు కింద పడితే ప్రమాదం ఇంకా ఎక్కువ. అల్లాయ్ రిమ్ములను మాత్రం వేడి లెక్క తెలిసినవారికే ఇవ్వాలి, ఎక్కువ వేడికి ఆ లోహం బలం తగ్గుతుంది. గోదావరి గట్టు గారు ఇంట్లో చేసుకోవాలని అడిగారు కాబట్టి మనం ఆ దారిలోనే మాట్లాడుకుందాం.

మంచుదారి (మాంట్రియల్):

నట్ల మాట వచ్చింది కాబట్టి ఇక్కడి అనుభవం చెబుతాను. మా క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు చట్టరీత్యా తప్పనిసరి. అందుకని చాలామంది ఆ టైర్లను విడిగా స్టీలు రిమ్ముల మీద ఎక్కించి ఉంచుకుంటారు. రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల ఆ రిమ్ములు తొందరగా తుప్పు పడతాయి, వేసవిలో వాటికి రంగు వేసుకోవడం ఇక్కడి తెలుగువాళ్లలో కూడా మామూలే.

మీ నట్ల చుట్టూ రంగు శుభ్రంగా ఊడిందంటే, నట్టు కూర్చునే ఏటవాలు గుంటలో కూడా మందంగా రంగు వేసి ఉంటారు. అది అందం కంటే పెద్ద విషయం. నట్టు లోహం మీద లోహంగా కూర్చోవాలి. మధ్యలో రంగు పొర ఉంటే బిగించినప్పుడు గట్టిగానే అనిపిస్తుంది, కానీ నడిచేకొద్దీ ఒత్తిడికి, వేడికి ఆ పొర నలిగి పక్కకు జరుగుతుంది. పొర పల్చబడినంత మేర బిగువు తగ్గుతుంది, నట్టు వదులవుతుంది. చక్రాన్ని బిగించే హబ్బుకు ఆనుకునే వెనుక ముఖం కూడా అంతే. ఈ రెండు చోట్లా రంగు వేయకండి. గుంటల్లో పాత నట్లు గానీ, గట్టి కాగితాన్ని శంకువులా చుట్టి గానీ పెట్టి కొట్టండి. హబ్బు ముఖానికి ప్రైమరు ఒక పల్చటి పొర దాకా పరవాలేదు, అంతకు మించితే గీకేయాలి.

పాత బండి:

టైరు విప్పకుండా వేసేవారు కూడా ఈ చర్చ చదువుతారు కాబట్టి ఒక చిట్కా. టైరులో గాలి తీసేసి, పాత శుభలేఖలను అరచేయంత ముక్కలుగా కత్తిరించి రిమ్ము అంచుకీ టైరుకీ మధ్య ఒకదాని మీద ఒకటి వచ్చేలా చుట్టూ దోపండి. మాస్కింగ్ టేపు గుండ్రటి అంచు మీద సరిగా తిరగదు, దాని కింద రంగు పారుతుంది. శుభలేఖ అట్ట అంచు లోపలి దాకా దిగుతుంది, రంగు కూడా రిమ్ము అంచు లోపలి దాకా వెళ్తుంది. వాల్వుకు మాత్రం టేపు చుట్టండి.

ఆటోనగర్ పెయింటరు:

ఇప్పుడు కొట్టే పద్ధతి. రిమ్మును గోడకు ఆనించి కొట్టకండి, పడుకోబెట్టండి. తిరిగే స్టూలు ఉంటే దాని మీద, లేకపోతే బోర్లించిన బకెట్టు మీద పెడితే చుట్టూ తిరుగుతూ కొట్టవచ్చు. పడుకోబెట్టిన రిమ్ము మీద రంగు కారే అవకాశం తక్కువ. ఆ చోటు నేలను నీటితో తడపండి, దుమ్ము లేవదు. ఫ్యాను వేయకండి.

డబ్బా లోపలి గోళీ చప్పుడు మొదలైన తరువాత కూడా రెండు నిమిషాలు ఊపాలి. సిల్వర్ రంగులో అల్యూమినియం రేకుల పొడి అడుగున పేరుకుని ఉంటుంది. సరిగా ఊపకపోతే మొదటి రిమ్ము ఒక రంగులో, చివరి రిమ్ము ఇంకొక రంగులో వస్తాయి. ఐదు రిమ్ములకూ ఒకేసారి మొదటి చేయి, ఒకేసారి రెండవ చేయి వేసుకుంటూ పోవడం మేలు. డబ్బాలు కూడా ఒకే కంపెనీవి, ఒకే షేడు సంఖ్యవి తీసుకోండి.

డబ్బాను 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. రిమ్ముకు బయట మీట నొక్కి, రిమ్ము మీదుగా ఒకే వేగంతో చేయి జరిపి, అవతల బయటికి వెళ్లాకే వేలు తీయాలి. రిమ్ము మీదే నొక్కడం, మీదే వదలడం చేస్తే ఆ రెండు చోట్లా చుక్కలు పడి మందమవుతుంది. మణికట్టు తిప్పితే మధ్యలో దగ్గర, చివర్లలో దూరం అవుతుంది, అందుకని భుజం నుంచి చేయి కదలాలి. ప్రతి వరస ముందు వరసలో సగం కప్పుకుంటూ రావాలి. ముందు రంధ్రాల లోపలి గోడలు, తరువాత తొట్టి లోపలి అంచు, చివరికి ముఖం. ముఖం ముందు వేస్తే రంధ్రాలకు కొట్టేటప్పుడు ఎగిరిన తుంపర ఆరిపోయి ముఖం మీద గరుకుగా కూర్చుంటుంది.

మొదటి చేయి కింది ప్రైమరు కనిపించేంత పల్చగా ఉండాలి. చూడటానికి అసంపూర్ణంగా ఉంటుంది, అప్పుడే అక్కడే పూర్తిగా కప్పేయాలని చేయి లాగుతుంది. కారిపోయిన రిమ్ముల్లో ఎక్కువ భాగం ఆ క్షణంలో కారినవే. పది పదిహేను నిమిషాలు ఆగితే ఆ పల్చటి పొర జిగురుగా మారి తరువాతి పొరను పట్టి ఉంచుతుంది. రెండవ చేయి తడిగా పడాలి. ఎలా తెలుస్తుందంటే, వెలుతురుకు ఎదురుగా వంగి, డబ్బా వెళ్లిన దారి వెంట చూడండి. రంగు పడిన చోట తడి మెరుపు ఒకే పట్టీగా కనిపించాలి. మెరుపు లేకుండా పొడిగా ఉంటే దూరం ఎక్కువైంది లేదా చేయి వేగంగా పోయింది. మెరుపు అలలుగా కదులుతుంటే మందమైంది. మూడవ చేయి కూడా అలాగే వేసి, సిల్వర్ అయితే చివరగా డబ్బాను ఇంకొంచెం దూరం జరిపి తుంపరగా ఒక పల్చటి చేయి చల్లండి. తడి రంగులో ఈదులాడి మచ్చలు కట్టిన రేకులను ఆ తుంపర సమం చేస్తుంది. ఒక చిన్న మాట, మధ్య మధ్య రంగు బయటికి వచ్చే డబ్బా ముక్కును గుడ్డతో తుడుస్తూ ఉండండి.

ఓరుగల్లు (వరంగల్):

వాతావరణం గురించి మా వైపు నుంచి. మీకు తేమ సమస్య అయితే మాకు ఎండ సమస్య. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కొడితే రంగు రిమ్మును చేరేలోపే తుంపరలోని థిన్నరు ఆవిరైపోతుంది. పొడి రేణువులు పడి ఉపరితలం సన్నటి ఎమెరీ పేపరులా చేతికి తగులుతుంది, మెరుపు అసలు రాదు. ఎండలో ఉంచిన స్టీలు చేయి పెట్టలేనంత కాలుతుంది, దాని మీద పడిన రంగు పరుచుకోకుండానే బిగుసుకుపోయి నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా కనిపించే ఆరెంజ్ పీల్ వస్తుంది. అందుకని మేము రిమ్ములను నీడలో చల్లబరచి, పొద్దున ఎనిమిది తొమ్మిది గంటల మధ్య కొట్టుకుంటాము.

పూతల రసాయనం:

తేమ వైపు లెక్క ఇలా ఉంటుంది. గాలి 30 డిగ్రీలు, సాపేక్ష తేమ 80 శాతం ఉంటే ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత సుమారు 26 డిగ్రీలు. అంటే మీ రిమ్ము గాలి కంటే నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, దాని మీద కంటికి కనిపించని నీటి పొర చేరుతుంది. థిన్నరు ఆవిరయ్యేటప్పుడు రంగు పొర నుంచే వేడిని లాక్కుంటుంది కాబట్టి ఆ చల్లదనం రంగు వేసిన క్షణంలోనే వస్తుంది. లాకర్ రంగు పాలు కలిసినట్టు తెల్లబారడానికి కారణం అదే. ఉపరితలం ఆ ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలన్నది పూతల పరిశ్రమలో పాటించే నియమం.

కాబట్టి గోదావరి గట్టు గారు పంచాంగం చూడనక్కర లేదు, తేమ కొలిచే చిన్న పరికరం చూస్తే చాలు. వాన తెరిపిచ్చిన రోజున, పదకొండు నుంచి మూడు గంటల మధ్య తేమ కొంత తగ్గుతుంది. 70 శాతం కంటే కిందికి వస్తే మొదలుపెట్టండి. రిమ్మును ముందుగా ఎండలో కాసేపు పెట్టి, చేతికి గోరువెచ్చగా తగిలేంత వేడి ఉన్నప్పుడు నీడలోకి తెచ్చి కొట్టండి. సాయంత్రం చల్లబడే వేళ అసలు వద్దు. తెల్లబారినా కంగారు పడకండి, పొడి గాలిలో ఆరాక పల్చగా మళ్లీ ఒక చేయి వేస్తే కింది లాకర్ కరిగి నీరు బయటికి పోయి చాలావరకు సర్దుకుంటుంది.

మంచుదారి:

చలి ప్రాంతాల్లో ఉన్నవారికి ఒక మాట. డబ్బా చల్లగా ఉంటే లోపలి ఒత్తిడి తగ్గి రంగు చుక్కలుగా ఉమ్మినట్టు పడుతుంది. గోరువెచ్చటి నీటి పాత్రలో కొద్దిసేపు నిలబెట్టండి. మంట మీద, హీటరు మీద ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. 50 డిగ్రీలు దాటనివ్వవద్దని డబ్బా మీదే ఉంటుంది.

గోదావరి గట్టు:

మీరందరూ చెప్పిన ప్రకారం ముందుగా స్టెప్నీ రిమ్ము ఒక్కటే చేసి చూశాను. ప్రైమరు నున్నగా కుదిరింది. సిల్వర్ రెండవ చేయి పడగానే బయటి అంచు వెంబడి సన్నటి గుండ్రటి గుంటలు తెరుచుకున్నాయి, గుంట నడుమ ప్రైమరు కనిపిస్తోంది. మిగతా ముఖమంతా బాగుంది. ఆ గుంటలు ఎందుకు వచ్చాయి? ఎలా సరిచేయాలి? క్లియర్ వేయకముందే అడుగుతున్నాను.

ఆటోనగర్ పెయింటరు:

వాటిని ఫిష్ ఐ అంటాము. బయటి అంచు వెంబడే వచ్చాయంటే అది టైరు పాలిష్‌లోని సిలికోను. రంగు దాన్ని తడపలేక చుట్టూ వెనక్కి జరుగుతుంది. దాని మీద ఇంకా రంగు కొట్టి నింపాలని చూడకండి, గుంట పెద్దదవుతుంది. డబ్బా మీద రాసిన గడువు ప్రకారం పూర్తిగా ఆరనివ్వండి. తరువాత ఆ అంచు వరకు 600 వాటర్ పేపరుతో గుంటలు పోయేదాకా రుద్ది, రెండు గుడ్డల పద్ధతిలో సిలికోను తీసే ద్రావకంతో తుడిచి, గుడ్డలు పారేసి, కొత్త గుడ్డలతో మళ్లీ తుడవండి. మొదట దుమ్ములా పల్చటి చేతులు ఒకటి రెండు వేసి ఆరనిచ్చి, తరువాత తడి చేయి వేయండి. రుద్దిన చోటు వరకే సిల్వర్ కొడితే మచ్చలా కనిపిస్తుంది కాబట్టి చివరి చేయి ముఖమంతటికీ వేయాలి. సిల్వర్‌ను కాంపౌండుతో మెరుగు పెట్టడం కుదరదు. రేకులు చిరిగి నల్లబడుతుంది. మెరుపు అంతా పైన వేసే క్లియర్ నుంచే రావాలి. మిగిలిన నాలుగు రిమ్ముల బయటి అంచులను రుద్దకముందే మళ్లీ ఒకసారి తుడవండి, ఆ ఇంటి ప్రాంగణంలో ఎవరూ డ్యాష్‌బోర్డు పాలిష్ స్ప్రే కొట్టకుండా చూసుకోండి.

పూతల రసాయనం:

క్లియర్ విషయంలో చదివేవారందరూ ఒకటి గమనించాలని కోరుతున్నాను. మామూలు క్లియర్ డబ్బా స్టీలు రిమ్ములకు సరిపోతుంది, కొన్నేళ్లకు మళ్లీ వేసుకోవాల్సి వస్తుంది అంతే. అడుగున మీట నొక్కి గట్టిపరిచే ద్రవాన్ని కలిపే టూకే క్లియర్ చాలా దృఢమైనది, పెట్రోలుకూ కరగదు. కానీ అందులో ఐసోసయనేట్లు ఉంటాయి. ఒకసారి శరీరం వాటికి ప్రతిస్పందించడం మొదలుపెడితే ఆ ఉబ్బసం జీవితాంతం ఉండిపోవచ్చు. గుడ్డ మాస్కు దేనికీ పనికి రాదు. బొగ్గు ఫిల్టరు మాస్కు మామూలు డబ్బాలకు చాలు. ఐసోసయనేట్లకు వాసన హెచ్చరిక లేదు కాబట్టి, ఫిల్టరు నిండిపోయినా మనకు తెలియదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే ముసుగు ఉన్న షాపులోనే దాన్ని వేయించుకోండి. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న చోట వేయకండి.

గోదావరి గట్టు:

మామూలు క్లియరే వేస్తాను. స్టెప్నీ రిమ్మును మీరు చెప్పినట్టే సరిచేశాను, అంచు ఇప్పుడు ముఖంతో కలిసిపోయింది. మిగిలిన నాలుగూ ప్రైమరు దశలో ఉన్నాయి. టైర్లు ఎప్పుడు ఎక్కించవచ్చు?

ఆటోనగర్ పెయింటరు:

చేతికి అంటకపోవడం అరగంటలో జరుగుతుంది, అది ఆరడం కాదు. వారం రోజులు వదిలేయండి. ఇంకా మెత్తగా ఉన్న రంగు మీద టైరు మిషను గోళ్లు దిగితే మీ శ్రమంతా పోతుంది. ఎక్కించేవారిని దగ్గర ఉండి అడిగి గోళ్లకు ప్లాస్టిక్ తొడుగు పెట్టించండి, రిమ్ము అంచుకు సబ్బు నీళ్లు పట్టించండి. బ్యాలెన్సింగ్ మళ్లీ చేయించాలి, పాత సీసం ముక్కల చోటు ఇప్పుడు మారుతుంది. కారుకు బిగించేటప్పుడు నట్టు గుంటల్లో రంగు పడి ఉంటే గీకి, ఎదురెదురు నట్లను వరసగా, మాన్యువల్‌లో రాసిన బిగువుకు బిగించండి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక రిమ్ములు చల్లగా ఉన్నప్పుడు మళ్లీ ఒకసారి బిగువు చూడండి. మొదటి నెల మామూలు షాంపూ నీళ్లతోనే కడగండి, ఆమ్లం కలిసిన రిమ్ము క్లీనర్లు వద్దు. మిగిలిన డబ్బాను తలకిందులుగా పట్టి గాలి మాత్రమే వచ్చేదాకా నొక్కి దాచుకోండి, రాయి తగిలి చెక్కు లేచిన చోట అదే రంగు కావాల్సి వస్తుంది.